ల్యాప్‌టాప్ సోకు కాదు, పనిముట్టు

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే మన వాడల్లో రెండు లెక్కలు మొదలవుతాయి. పిల్లకు ఏ కాలేజీలో సీటొస్తుంది అన్నది ఒకటి. ల్యాప్‌టాప్‌కి అప్పెక్కడ పుడుతుంది అన్నది రెండోది. మొదటి లెక్కకు కౌన్సెలింగ్ ఉంది, సలహా చెప్పే అన్నలున్నారు. రెండో లెక్క దగ్గర మాత్రం మన తల్లిదండ్రులు ఒంటరి. టౌన్లో షాపువాడు ఏది చూపితే అది, ఫైనాన్సువాడు ఎంతంటే అంత. చదువు పేరుతో వాడలోకి కొత్త అప్పు నడిచొస్తోంది. దీని గురించి మనలో మనం విప్పి మాట్లాడుకోవాలి.

మేము బడిపంతుళ్లం. మా ఇళ్లలో డిగ్రీ మెట్టెక్కిన మొదటి తరం. మా రోజుల్లో ఒక రేకు పెట్టె, రెండు జతల బట్టలు, నాలుగు నోటు పుస్తకాలుంటే హాస్టల్లో చేరిపోయేవాళ్లం. ఇవాళ అవి చాలవు. అసైన్‌మెంటు కంప్యూటర్ మీద రాయాలి, ప్రాజెక్టు రిపోర్టు కంప్యూటర్ మీద చెయ్యాలి, చివరికి ఉద్యోగ పరీక్ష కూడా కంప్యూటర్ మీదే.

"కూలికి పోయే ఇంటికి ల్యాప్‌టాప్ ఎందుకు?" అనే పెద్దమనుషులు ఊళ్లో ఉన్నారు. వాళ్లకు జవాబు తేలిక. అక్షరం మీకెందుకన్నదీ, కాళ్లకు చెప్పులు మీకెందుకన్నదీ వాళ్ల తాతలే. అయితే మన ఉద్యమంలోనే కొందరు, "భూమి అడగాల్సిన నోటితో కంప్యూటర్ అడుగుతారా?" అంటున్నారు. భూమి అడగాల్సిందే, ఆ మాట వదిలేది లేదు. కానీ కాలేజీ ల్యాబులో ఏం జరుగుతుందో కూడా చూడండి. మొదటి ఏడాది మన పిల్ల కీబోర్డు మీద అక్షరం ఎక్కడుందో వెతుక్కుంటుంది. చిన్నప్పట్నుంచీ ఇంట్లో కంప్యూటర్ చూసిన పక్క పిల్ల పని ముగించి కూర్చుంటుంది. "రిజర్వేషన్ సీటు గదా, ఇంతే" అనే మాట అక్కడే పుడుతుంది. ఇంట్లో యంత్రం లేని లోటును తెలివి లేని లోటుగా చూపిస్తారు. మెరిట్ అని వాళ్లు గొప్పగా చెప్పుకునేదాంట్లో ఎంత తెలివో, ఎంత సామానో ఎవరైనా లెక్క తీశారా?

ఆ లోటు ప్రాణాలు కూడా తీసింది. 2020 జూన్‌లో ఆన్‌లైన్ పాఠాలు మొదలైన రోజే కేరళలోని మలప్పురం జిల్లాలో ఒక దళిత బాలిక చనిపోయింది. ఇంట్లో టీవీ చెడిపోయింది, స్మార్ట్‌ఫోను లేదు. అదే ఏడాది నవంబరులో, షాద్‌నగర్ నుంచి ఢిల్లీ వెళ్లి డిగ్రీ చదువుతున్న ఒక పేదింటి విద్యార్థిని ప్రాణం తీసుకుంది. ఆమె ల్యాప్‌టాప్ కోసం అడిగిందనీ, రావాల్సిన స్కాలర్‌షిప్పు ఆలస్యమైందనీ అప్పటి పత్రికలు రాశాయి. ఇంకా ల్యాప్‌టాప్ సోకు అనేవాళ్లకు మేము చెప్పేదేమీ లేదు.

సోకు కాదు గనకే దాన్ని సోకుగా కొనకూడదు. పనిముట్టును ఎంచుకోవటం మన తాతలకు ఎవరూ నేర్పలేదు. ఏ తోలుకు ఏ ఆరె కావాలో, ఏ రంపె పదునో వాళ్ల చేతికి తెలుసు. ఎవడో మెరుగు పెట్టి చూపిస్తే పడిపోలేదు. ఇక్కడా అదే తెలివి కావాలి.

పనిని బట్టి యంత్రం

షాపువాడు గుక్కతిప్పుకోకుండా చెప్పే మాటలకు బెదరొద్దు. వ్యవసాయం తెలిసినవాళ్లకు ఇది అర్థం కానిదేం కాదు. ప్రాసెసర్ అంటే కాడెద్దులు. ర్యామ్ అంటే కళ్లం. ఎస్.ఎస్.డి. అంటే గాదె. ఎద్దులు ఎంత బలమైనవైనా కళ్లం ఇరుకైతే నూర్పిడి సాగదు. 4 జీబీ ర్యామ్ ఉన్నది ఎంత చవకగా ఇచ్చినా వద్దు, ఏడాది తిరక్కుండానే మొరాయిస్తుంది. పాత రకం హార్డ్ డిస్క్ మీద నడిచేదీ వద్దు, ఎస్.ఎస్.డి. ఉన్నదే అడగండి.

బి.ఏ. చదివే పిల్లలు చేరిన రోజే కొనక్కర్లేదు. ఉన్న ఫోనుకు చిన్న కీబోర్డు తగిలించుకుంటే వ్యాసాలు టైపు చేసుకోవచ్చు. ఒక సెమిస్టరు గడిచాక అవసరం చూసి కొనండి. బి.కాం. పిల్లలకు ఎక్సెల్, ట్యాలీ నేర్చుకోవాలి. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్.ఎస్.డి. ఉంటే సరిపోతుంది. కంప్యూటర్ సైన్సు ఇంజనీరింగుకు 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్.ఎస్.డి., ఇంటెల్ ఐ5 లేదా ఎ.ఎం.డి. రైజెన్ 5 స్థాయి ప్రాసెసర్ మంచిది. అంత డబ్బు లేకపోతే 8 జీబీదే కొని, తర్వాత ర్యామ్ పెంచుకునే చోటు అందులో ఉందో లేదో ముందే అడగండి. కొన్నింట్లో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, పెంచటం కుదరదు. సివిల్, మెకానికల్ వాళ్లు పై ఏడాది విద్యార్థుల్ని అడిగి, వాళ్ల బ్రాంచిలో నిజంగా ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారో తెలుసుకున్నాకే కొనండి. ఆటోక్యాడ్ లాంటివి విద్యార్థులకు ఉచితంగా ఇస్తారు. డబ్బు కట్టించుకునేవాళ్లను నమ్మొద్దు.

రంగురంగుల లైట్లు వెలిగే గేమింగ్ ల్యాప్‌టాప్ చూపించి "ఇంజనీరింగుకి ఇదే కావాలి" అంటారు. అది బరువు, బ్యాటరీ త్వరగా అయిపోతుంది, ధర ఎక్కువ. అందరికీ అది అక్కర్లేదు.

ఎద్దును చూసినట్టు చూడండి

పాతది కొనటం నామోషీ కాదు. కంపెనీల ఆఫీసుల్లో మూడు నాలుగేళ్లు వాడి మార్చేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటివి గట్టి సరుకు. కొత్తగా వచ్చే నాసిరకం దానికంటే ఇవే నయం. అయితే సంతలో ఎద్దును పళ్లు చూసి, నడిపించి గదా కొంటాం. ఇదీ అంతే. చార్జర్ తీసేసి అరగంట నడిపించండి, బ్యాటరీ సంగతి తేలుతుంది. ప్రతి అక్షరం నొక్కి చూడండి. తెరను నాలుగైదుసార్లు మూసి తెరిచి, మడత దగ్గర వదులుందేమో చూడండి. కెమెరా, వైఫై పరీక్షించండి. బిల్లు రాయించుకోండి. బిల్లు లేనిది దొంగ సరుకైతే పోలీసులు ముందు వచ్చేది మన వాడకే, ఆ సంగతి మీకు తెలియంది కాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 సక్రమంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. అందుకే అంతకంటే పాతవాటిని ఇప్పుడు చవకగా వదిలించుకుంటున్నారు. అలాంటిదే దొరికితే దాంట్లో ఉబుంటు లాంటి లైనక్స్ వేసుకోవచ్చు. అది ఉచితం. లిబ్రే ఆఫీస్ కూడా ఉచితమే, తెలుగులో టైపు చేసుకోవచ్చు.

యంత్రంతో పాటు కొనాల్సినవి కొన్నే. ఎర్తింగు సరిగా ఉన్న స్పైక్ బస్టర్ ముందు కొనండి. మన ఊళ్ల కరెంటు ఎట్లా వచ్చి పోతుందో చెప్పక్కర్లేదు. మెత్త ఉన్న బ్యాగు, ఒక మౌసు, మైకు ఉన్న ఇయర్‌ఫోన్లు, చేసిన పనిని రెండోచోట దాచుకోవటానికి ఒక పెన్‌డ్రైవు చాలు. హాస్టల్లో ఉండే పిల్లలు మంచానికి కట్టుకునే తాళం గొలుసు కొనుక్కోండి. యంత్రం అడుగున ఉన్న సీరియల్ నంబరు, బిల్లు ఫోటో తీసి ఇంటికి పంపండి. కూలింగ్ ప్యాడ్ వద్దు. విండోస్‌లోనే వైరస్ కాపలా ఉంది, దానికి వేరే డబ్బు కట్టొద్దు.

అప్పు లెక్క

60 వేల యంత్రం నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. నెలకు 1,800. ఏడాదికి 21,600. నాలుగేళ్ల ఇంజనీరింగు అయ్యేసరికి కట్టిన వడ్డీ 86,400. అసలు అట్లాగే కూర్చుంటుంది. యంత్రం మాత్రం ముసలిదైపోతుంది. "వడ్డీ లేని వాయిదాలు" అనే బోర్డు చూసి మోసపోకండి. సున్నా వడ్డీ అనేది లేనే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. వడ్డీని ధరలోనో, ప్రాసెసింగ్ ఫీజులోనో దాచేస్తారు. ఫోన్లో నిమిషంలో అప్పిచ్చే యాప్‌ల జోలికి అసలు పోవద్దు. వాళ్లు ఫోన్లోని నంబర్లన్నీ లాక్కుని, బంధువులందరికీ ఫోన్లు చేసి పరువు తీస్తారు.

అప్పు తప్పదంటే బ్యాంకు చదువు రుణం అడగండి. బ్యాంకుల నమూనా విద్యా రుణ పథకంలో చదువుకు అవసరమైన కంప్యూటర్ ఖర్చు కూడా ఉంది. 4 లక్షల వరకు మార్జిను డబ్బు అడగకూడదు, పూచీగా ఆస్తి అడగకూడదు. మేనేజరు "అలాంటిదేం లేదు" అంటే, లేదని రాసిమ్మనండి. రాసివ్వమనగానే చాలామందికి పథకం గుర్తొస్తుంది.

ఇది దానం కాదు, వాటా

ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు 1944 నుంచి ఉంది. బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్లో ఉన్న రోజుల్లో మొదలైంది. ఇప్పటి నిబంధనల్లో ఇంటి నుంచి వెళ్లి మామూలు డిగ్రీ చదివే పిల్లకు ఏడాదికి ఇచ్చే భత్యం 3 వేలు. హాస్టల్లో ఉండి ఇంజనీరింగు లాంటివి చదివితే 13,500. ఇది పుస్తకాలకా, బస్సుకా, ల్యాప్‌టాప్‌కా? మరోపక్క కేంద్రమే ఐఐటీ, ఎన్ఐటీ లాంటి ఎంపిక చేసిన సంస్థల్లో చేరే ఎస్సీ పిల్లలకు టాప్ క్లాస్ పథకం కింద మొదటి ఏడాది 86 వేలు, తర్వాత ఏటా 41 వేలు భత్యం పెట్టింది. అందులో ల్యాప్‌టాప్ ఖర్చు కూడా లెక్కేసింది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుండాలి. సీటొచ్చిన పిల్లలు దాన్ని వదలొద్దు. అయితే ఒక ప్రశ్న. ఐఐటీ పిల్లకు ల్యాప్‌టాప్ అవసరమని ఒప్పుకున్న ప్రభుత్వం, మండలంలో డిగ్రీ చదివే పిల్లకు అవసరం లేదని ఎట్లా అనుకుంది?

పుస్తకం మీద జీఎస్టీ లేదు. ల్యాప్‌టాప్ మీద 18 శాతం. 40 వేల బిల్లులో 6,100 రూపాయలు పన్నే. మిరపకోత కూలి డబ్బుతో కొనే మన అక్క కూడా ఆ పన్ను కట్టాల్సిందే. తమిళనాడు ప్రభుత్వం 2011లోనే సర్కారు బళ్లలో ప్లస్ టూ చదివే పిల్లలకు ల్యాప్‌టాపులు ఉచితంగా ఇవ్వటం మొదలుపెట్టింది. 2025 బడ్జెట్లో కాలేజీ పిల్లలు 20 లక్షల మందికి రెండేళ్లలో ఇస్తామంది. పక్క రాష్ట్రానికి చేతనైంది మనకెందుకు కాదు? 2013లో పోరాడి సబ్‌ప్లాన్ చట్టం తెచ్చుకున్నాం. ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని 2023లో మరో పదేళ్లు పొడిగించారు. తెలంగాణలో 2017 నుంచి ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. ఆ నిధి మన పేరు మీద ఉన్న డబ్బు. కాలేజీలో చేరే ప్రతి ఎస్సీ విద్యార్థికీ దాన్నుంచి ల్యాప్‌టాప్ ఇవ్వాలని అడగటం బిచ్చం కాదు, వాటా అడగటం.

అడుగుతూనే మన పని మనం చెయ్యాలి. బెంగుళూరులో ఒక పేదల బస్తీలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు అంబేద్కర్ పేరుతో కంప్యూటర్ కేంద్రం నడిపి, పాత యంత్రాల మీదే బస్తీ పిల్లలకు పని నేర్పారు. మన కమ్యూనిటీ హాళ్లు ఏప్రిల్ 14 దాటితే ఖాళీగానే గదా ఉంటున్నాయి! ఉద్యోగాల్లో స్థిరపడినవాళ్లు వాడి పక్కన పెట్టిన యంత్రాలు రెండు తెచ్చి అక్కడ పెట్టండి. ఇంటర్ పిల్లలు సెలవుల్లో రోజుకో గంట టైపు నేర్చుకుంటే, ల్యాబులో తలదించుకునే అవసరం రాదు. ఐదారు ఇళ్లవాళ్లు కలిసి ఒకేసారి కొనటానికి వెళితే ధర కూడా తగ్గించి అడగొచ్చు.

ఆఖరుగా తండ్రులకు ఒక మాట. కొడుక్కి కొని, కూతురికి "అన్న వాడాక తీసుకోమ్మా" అంటున్నారు. ఊరు మనకు చేసిన పని మనం ఇంట్లో ఆడపిల్లకు చేస్తే, ఊరిని అడిగే నోరు మనకుండదు.

ఈ నెల ప్రతి వాడలో కూర్చోండి. కాలేజీలో చేరే పిల్లలెవరు, ఏ చదువు, ఎవరికి యంత్రం ఉంది, ఎవరికి లేదు, ఆడపిల్లలెందరు అని ఒక కాగితం మీద రాయండి. ఆ జాబితా పట్టుకుని జిల్లా సాంఘిక సంక్షేమ శాఖ కార్యాలయానికి అందరం కలిసి వెళదాం. వినతిపత్రం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోకుండా వెనక్కి రావద్దు.