పశువైద్యం వైపు మలుపు

పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం మైదానాలలో 'పశువుల డాక్టరు' అనే మాటను కొంత చులకనగా పలకడం చాలాకాలంగా ఉన్నదే. ఇంటర్మీడియట్ విద్యార్థి ముందు పెద్దలు ఉంచే మార్గాలు సాధారణంగా రెండే: ఇంజనీరింగు, వైద్యం. మనుషుల వైద్యంలో సీటు రానప్పుడే పశువైద్యం గుర్తుకు వస్తుంది. ఇక బి.కాం. పట్టానో, ఇంజనీరింగు పట్టానో చేతికి వచ్చిన తరువాత పశువైద్యం చదువుతానంటే ఇంటిల్లిపాదీ ఆ బిడ్డను వింతగా చూస్తారు. మిరపకాయలు అమ్మి కట్టిన ఫీజులు బూడిదలో పోసిన పన్నీరయ్యాయని తండ్రి బాధపడతాడు. ఆ బాధ సహజమైనదే. కాని పదిహేడేళ్ల వయసులో జరిగిన ఎంపిక చాలామంది విషయంలో తల్లిదండ్రులది, కాకుంటే ర్యాంకుది. ఇరవై రెండేళ్లకు చేసుకొనే ఎంపిక తనది. దానిని చపలత్వమని కొట్టివేయడం తొందరపాటు.

ఒక విద్యలో ఆరితేరినవారు పశుపోషణకు మరలడం మన సాహిత్యానికి కొత్త కాదు. విరాటుని కొలువులో నకులుడు దామగ్రంథియై గుర్రాలను, సహదేవుడు తంత్రీపాలుడై ఆలమందలను చూసుకొన్నారు. అస్త్రవిద్య నేర్చిన రాజకుమారులు ఆ పనిని అవమానంగా భావించలేదు. గుర్రాల లక్షణాలను గురించి మనుమంచి భట్టు తెలుగులో 'హయలక్షణసారం' అనే కావ్యమే రచించాడు. ఐరోపాలో మొదటి పశువైద్య పాఠశాలకు 1761లో ఫ్రాన్సు దేశపు లియాన్ నగరంలో అనుమతి సంపాదించిన క్లాడ్ బూర్జెలా అంతకుముందు గుర్రపుస్వారీ నేర్పే విద్యాలయానికి అధిపతి. పశువులను మందలు మందలుగా బలిగొంటున్న ముసర వ్యాధి ఆ పాఠశాల పుట్టుకకు ఒక ముఖ్య కారణం. రెండున్నర శతాబ్దాల తరువాత, 2011లో, ఆ వ్యాధి భూమిమీద లేకుండా పోయిందని ప్రపంచం ప్రకటించుకోగలిగింది.

మన దేశంలో వర్గీస్ కురియన్ ఉదాహరణ మరింత దగ్గరిది. ఆయన మద్రాసు లయోలా కళాశాలలో భౌతికశాస్త్రం, గిండీలో మెకానికల్ ఇంజనీరింగు చదివాడు. ప్రభుత్వం ఇచ్చిన ఉపకారవేతనం పాడి ఇంజనీరింగుకు కావడంతో, ఇష్టం లేకపోయినా 1949లో గుజరాత్‌లోని ఆనంద్‌కు వెళ్లాడు. పశువైద్యుడు కాకపోయినా పాడిపశువును నమ్ముకొన్న లక్షల కుటుంబాలకు అండగా నిలిచాడు. యంత్రాలను గురించి నేర్చిన విద్య పాలపొడి తయారీలో అక్కరకు వచ్చింది. పాత చదువు వృథా అవుతుందని భయపడేవారు ఈ సంగతిని గమనించాలి.

ఈ మైదానాలకు పశువైద్యుల అవసరం ఎటువంటిదో పంటలే చెబుతాయి. వరి గడ్డినిస్తుంది, జొన్న చొప్పనిస్తుంది. పత్తి, మిరప పశువుకు మేతగా మిగిల్చేది దాదాపు ఏమీ లేదు. నల్లరేగడిలో జొన్న తగ్గి వాణిజ్య పంటలు పెరిగినకొద్దీ రైతు మేతను కొనవలసిన స్థితి వచ్చింది. పైగా ఈ రెండు పంటలూ పురుగుమందుల మీద ఆధారపడినవి. మందు చల్లిన చేలగట్టున గడ్డి మేసిన గేదె నోట చొంగ కార్చుతూ, వణుకుతూ, ఊపిరి అందక కూలబడుతుంది. కొన్ని రకాల పురుగుమందుల విషానికి అట్రోపిన్ సూదిమందు విరుగుడు. అది సకాలంలో పడితే పశువు బ్రతుకుతుంది, ఆలస్యమైతే ఆ ఇంటి పాల ఆదాయం ఆ పూటతో ఆగిపోతుంది. పంట పోయిన ఏడాది కుటుంబాన్ని నిలబెట్టేది తరచుగా ఆ ఒక్క గేదే.

ఒంగోలు జాతి సంగతి మరొకటి. ఇక్కడినుండి సముద్రాలు దాటిన పశువుల సంతతి బ్రెజిల్‌లో 'నెలోర్' పేరుతో వర్ధిల్లుతుండగా, ట్రాక్టర్లు వచ్చిన తరువాత సొంతగడ్డ మీద ఎద్దుకు పని తగ్గింది. గుంటూరు సమీపంలోని లాం పశు పరిశోధనా స్థానం, ప్రకాశం సీమలోని చదలవాడ క్షేత్రం ఈ జాతిని కాపాడే పనిలో ఉన్నాయి. ఆ పనికి చదువుకొన్న చేతులు కావాలి.

అయితే కేవలం మూగజీవాల మీది ప్రేమ సీటు తెచ్చిపెట్టదు. పశువైద్య పట్టాకు ఒక ఏడాది ఆచరణ శిక్షణతో కలిపి ఐదున్నరేళ్లు పడుతుంది. ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం చదవనివారికి ప్రవేశమే మొదటి అడ్డంకి. ఇరవై రెండేళ్లకు నిర్ణయించుకొన్న వ్యక్తి ప్రవేశపరీక్షకు ఒక సంవత్సరం వెచ్చిస్తే, పట్టా చేతికి వచ్చేసరికి ఇరవై తొమ్మిదికి చేరువవుతాడు. ఆడపిల్ల అయితే పెండ్లిమాట వల్ల ఈ లెక్క ఇంకా కఠినమవుతుంది. అది న్యాయం కాదు గాని, ఇండ్లలో జరుగుతున్నదే. వయోపరిమితి, అర్హతలు ఆ ఏటి ప్రకటనలో చూసుకోకుండా ఉన్న ఉద్యోగాన్ని వదలడం అవివేకం.

దగ్గరిదారి వెదకడం అంతకంటె ప్రమాదం. భారత పశువైద్య మండలి చట్టం, 1984 ప్రకారం పట్టా, నమోదు ఉన్నవారే పశువైద్యులు. నాలుగు సూదులు వేయడం నేర్చి వైద్యుడిగా చెలామణీ అయ్యేవారి వల్ల నష్టపోయేది నోరులేని జీవి, దాని యజమాని. ఐదున్నరేళ్లు వెచ్చించలేనివారికి పశువు చుట్టూ వేరే పనులు లేకపోలేదు. పాల సంఘాల లెక్కలు, పశువుల బీమా, దాణా తయారీ, శీతలీకరణ యంత్రాల నిర్వహణ ఇవన్నీ వాణిజ్యం, ఇంజనీరింగు చదివినవారిని కోరేవే. వడ్లమూడిలోని సంగం డెయిరీ వంటి సంస్థ నడవాలంటే పశువైద్యులతోపాటు వీరూ ఉండాలి.

ఏ దారి తనదో తేల్చుకోదలచిన విద్యార్థి ఒక వానాకాలం వారం పాటు, పెద్దల అనుమతితో, తన మండలంలోని పశువుల ఆసుపత్రి ముందు ఉదయం పూట నిలబడి చూడవచ్చు. గాలికుంటుతో నడవలేని ఎద్దు, ఈనలేక మూలిగే గేదె, పేడలో మోచేతివరకు చేయి పెట్టిన వైద్యుడు, పక్కన చేతులు కట్టుకొని నిలుచున్న రైతు అక్కడ కనిపిస్తారు. ఆ వారం గడిచాక కూడా ఎనిమిదోనాడు వెళ్లాలనిపిస్తే, దరఖాస్తు సంగతి తండ్రితో మాట్లాడవచ్చు.