కగుయా వాళ్ళ నాన్న

బొమ్మల సినిమా అనగానే రిమోట్ పిల్లల చేతికిచ్చి మన పనిలో మనం పడిపోతాం కదా! ఈ ఒక్కదానికీ కాస్త కూర్చోండి. ‘ది టేల్ ఆఫ్ ది ప్రిన్సెస్ కగుయా’. 2013లో వచ్చిన జపాన్ సినిమా, స్టూడియో జిబ్లీ వాళ్ళది. దర్శకుడు ఇసావో తకహతా ఆఖరి సినిమా. రెండుంబావు గంటలుంటుంది.

కథ అక్కడ వెయ్యేళ్ళుగా చెప్పుకుంటున్నదే. వెదురు కొట్టుకునే ముసలాయనకి, మెరిసే వెదురు మొలకలో అరచేతిలో పట్టేంత పాప దొరుకుతుంది. ఆ పాపే కగుయా. తర్వాత అదే వెదురులో బంగారం, పట్టుబట్టలు. ఇంకేముంది, పిల్లని రాకుమారిలా పెంచమని దేవుడే చెబుతున్నాడనుకుని పల్లె వదిలి రాజధానిలో మేడ కట్టిస్తాడు.

పిల్లలు కగుయానే చూస్తారు. మన కళ్ళు మాత్రం వాళ్ళ నాన్న మీదే ఉంటాయి. పాప పాకే వయసులో ఓ సీను ఉంది. పల్లె పిల్లలు ఒక పక్క ‘వెదురు మొలకా!’ అని పిలుస్తుంటే, ఈయన ఇంకో పక్క ‘రాకుమారీ, ఇటు రామ్మా’ అంటూ చేతులు చాస్తాడు. పిలిచి పిలిచి గొంతు పూడుకుపోతుంది. ఆఖరికి తనే పరిగెత్తుకెళ్ళి వాటేసుకుంటాడు. అంత ప్రేమున్న మనిషే, మేడలో పెద్ద టోపీ పెట్టుకుని గొప్పింటివాళ్ళ వెనకాల తిరుగుతాడు. పిల్ల మొహం చూడడు. అమ్మ చూస్తుంది. అంత మేడలోనూ ఆవిడ వెనకవైపు చిన్న వంటిల్లు, మగ్గం, పెరడు పెట్టుకుంటుంది. కగుయాకి ఊపిరాడే చోటు అదొక్కటే.

పేరు పెట్టే విందు రాత్రి, తాగినవాళ్ళ మాటలు విని కగుయా ఇల్లు వదిలి పరుగు తీస్తుంది చూడండీ! అప్పటిదాకా లేత నీటిరంగుల్లో ఉన్న బొమ్మ ఉన్నట్టుండి బొగ్గు గీతలైపోతుంది. ఒంటిమీది పట్టుబట్టలు ఒక్కొక్కటీ జారి ఎగిరిపోతుంటాయి, మొహం గీతల్లో చెరిగిపోతుంది. ఏ కంప్యూటర్ నునుపుతోనూ ఆ కోపం రాదంటాను నేను.

చివర్లో, కగుయా అసలు చోటైన చంద్రలోకం నుంచి ఆమెని తీసుకెళ్ళడానికి మేఘం మీద వస్తారు. మనకి గుండె పిండేస్తుంటే వాళ్ళ వాయిద్యాలు మాత్రం హుషారుగా, పండగలా మోగుతుంటాయి. సంగీతం జో హిసైషి. బాధంటే తెలియనివాళ్ళు వాయించే పాట అది, అందుకే అంత భయమేస్తుంది. ముసలాళ్ళిద్దరూ అడ్డం పడి, తమనీ తీసుకెళ్ళమని బతిమాలుకుంటారు. ఆ పాటకి అదేమీ పట్టదు.