స్పెక్ చూపి చేతులు దులుపుకోకండి

స్టోరేజ్ డ్రైవర్లు రాసేవాళ్లలో ఒక మాట బలంగా నాటుకుపోయింది: "మేం స్పెక్ ప్రకారమే రాశాం. డిస్కు దాన్ని పాటించకపోతే తప్పు తయారీదారుది, మాకేం సంబంధం?" వినడానికి న్యాయంగానే ఉంటుంది. నేను మాత్రం ఒప్పుకోను.

ఉదాహరణకు, యూఎస్‌బీ డిస్కులు కూడా వాడే స్కజీ కమాండ్ల పద్ధతిలో సామర్థ్యం ఎంతని అడిగితే, పరికరం తన చివరి సెక్టారు నంబరు చెప్పాలి. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది గనుక వెయ్యి సెక్టార్లుంటే జవాబు 999. కొన్ని యూఎస్‌బీ పరికరాలు 1000 అని చెబుతాయి. డిస్కు విభాగాలను చెప్పే జీపీటీ పట్టిక నకలు డిస్కు చివర ఉంటుంది కాబట్టి, తగిలించగానే సిస్టమ్ అక్కడికి వెళ్లి వెతుకుతుంది. లేని సెక్టారును చదవమంటే కొన్నింటి ఫర్మ్‌వేర్ అక్కడే బిగుసుకుపోతుంది. కొన్నవాడికి కనిపించేది ఒక్కటే: డిస్కు పనిచేయడం లేదు. లైనక్స్‌లో ఇలాంటి పరికరాలకు "ఫిక్స్ కెపాసిటీ" అనే గుర్తు ఉంది. అది తగిలిస్తే డ్రైవర్ వచ్చిన సంఖ్యలోంచి ఒకటి తీసేస్తుంది. అంతే! ఆ ఒక్క తీసివేత చేయననడం నియమనిష్ఠ ఎలా అవుతుంది?

మనం సర్దుకుపోతే తయారీదారులు మారరంటారు. అమ్ముడైపోయిన పరికరం మన పట్టుదల చూసి మారుతుందా? ఆపిల్ 2018 మాక్‌లలోని ఎన్‌వీఎమ్‌ఈ కంట్రోలర్‌కు, స్పెక్ చెప్పిన 64 బైట్ల బదులు, క్యూలో ఒక్కో కమాండుకు 128 బైట్ల చోటు కావాలి. లైనక్స్ 2019లో 5.4 కెర్నెల్‌తో దానికి దారి ఇచ్చింది. మంచి పని చేసింది.

"తప్పు మాది కాదు" అనే అలవాటుకు ఇంకో ప్రమాదం ఉంది. వెతుకులాట అక్కడితో ఆగిపోతుంది. 2015లో సెర్చ్ సేవల సంస్థ ఆల్గోలియా సర్వర్లలో డేటా పాడైనప్పుడు అనుమానం శాంసంగ్ ఎస్‌ఎస్‌డీల మీదికి వెళ్లింది. చివరికి లోపం లైనక్స్ కెర్నెల్‌లోనే, రెయిడ్ ట్రిమ్ దారిలో తేలింది. పట్టుకున్నది శాంసంగ్ ఇంజనీర్లు! హార్డ్‌వేర్‌ను నిందించే ముందు మనం పంపిన కమాండునూ, వచ్చిన జవాబునూ బైటు బైటుగా పక్కపక్కన పెట్టి చూడాలి. మన కోడ్‌నూ అంతే కఠినంగా చూడాలి.

పరికరానిదే తప్పని రుజువైతే మినహాయింపు రాయండి. ఆ మోడల్‌కే, వీలైతే ఆ ఫర్మ్‌వేర్ వెర్షన్‌కే పరిమితం చేయండి. ఎందుకు రాశారో కోడ్ పక్కనే చెప్పండి. తయారీదారును గట్టిగా అడగండి. డబ్బు పెట్టి డిస్కు కొన్న మనిషిని మాత్రం "వేరేది కొనుక్కో" అని పంపేయకండి.