పెట్టి పుట్టనక్కర్లేదు

మా అన్న కూతురు నంద్యాలలో సంగీతం నేర్చుకుంటోంది. పన్నెండేళ్ల పిల్ల. మోహన వర్ణం రెండు కాలాల్లో తడబడకుండా పాడుతుంది. పోయిన నెల నేను ఆళ్లగడ్డ నుంచి వాళ్లింటికి వెళ్లినప్పుడు నా ముందు పాడుతూ, చరణం దగ్గరికి వచ్చేసరికి పుస్తకంలోని స్వరాలు వదిలేసి తనకు తోచిన స్వరాలు ఒక ఆవర్తనం అల్లింది. తిరిగి చరణం ఎత్తుకునే చోట అర అక్షరం జారింది. ఆ జారడం చూసి నా కళ్లు చెమర్చాయి. రాగం ఆ పిల్ల గొంతులోకి వచ్చి కూర్చుందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

"మీ మేడం ముందు ఇట్లా పాడినావా?" అని అడిగినాను.

"పాడినాను చిన్నాయనా. పుస్తకంలో లేనిది పాడొద్దన్నారు, పరీక్షలో మార్కులు పోతాయంట. మనోధర్మం అందరికీ రాదంట, దానికి పెట్టి పుట్టాలంట."

మనోధర్మం అంటే రాగంలో అప్పటికప్పుడు సొంతంగా పాడటం. ఆ తర్వాత ఆ పిల్ల సొంత స్వరం పాడటం మానేసింది. నేను ఈ వ్యాసం రాస్తున్నది అందుకే. "పెట్టి పుట్టాలి" అన్న మాట పచ్చి అబద్ధం. నేర్పడం చేతకాని చోట, నేర్పే ఓపిక లేని చోట, ఆ లోటును పసిపిల్లల పుట్టుక మీదికి నెట్టడానికి పనికొచ్చే అబద్ధం. అది అబద్ధమని జీవితమంతా ధారపోసి నిరూపించిన మనిషి మన జిల్లా మనిషే. నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న విడిగా ఏర్పడింది. అంతకుముందు మనదంతా కర్నూలు జిల్లాయే. ఆ కర్నూలులో డాక్టర్ శ్రీపాద పినాకపాణి దశాబ్దాల తరబడి ఉన్నారు, 2013 మార్చి 11న అక్కడే కన్నుమూశారు. నూరేళ్లు నిండటానికి ఇంకా అయిదు నెలలే ఉంది.

ఆయన పుట్టింది 1913 ఆగస్టు 3న, శ్రీకాకుళం జిల్లా ప్రియ అగ్రహారంలో. వృత్తికి వైద్యుడు. కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యుడిగా పనిచేశారు, ఉద్యోగం ముగిశాక కూడా ఆ ఊరు వదల్లేదు. మద్రాసు సంగీత అకాడమీ 1983లో సంగీత కళానిధి ఇచ్చింది, మరుసటి ఏడాది కేంద్రం పద్మభూషణ్ ఇచ్చింది. బిరుదుల సంగతి ఇంతటితో చాలు. ఆయన ఎవరో తెలియాలంటే ఆయన దగ్గర కూర్చున్నవాళ్లను చూడాలి. నేదునూరి కృష్ణమూర్తి, ఓలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ. వీళ్లు అప్పటికే వేరే గురువుల దగ్గర కొంత నేర్చుకుని వచ్చినవాళ్లే. అయినా ముగ్గురూ పినాకపాణిని గురువుగా చెప్పుకున్నారు. తర్వాతి తరంలో మల్లాది సోదరులు కూడా ఆయన దగ్గరికి వెళ్లారు.

ఇప్పుడు చెవి పెట్టి వినండి. నేదునూరి కల్యాణి తొందరపడదు, ఒక్కో స్వరం మీద కాపురం చేస్తుంది. ఓలేటి గొంతులో హిందుస్తానీ గాలి తగిలి వచ్చిన మెరుపు ఉంటుంది. నూకల పాడుతుంటే పాఠం చెప్తున్నంత విశదంగా ఉంటుంది. ఒకే ఇంట్లో పాఠం, మూడు వేరువేరు పాటలు. బట్టీ కొట్టించే గురువు దగ్గరైతే ముగ్గురూ ఒకే అచ్చులో పోసినట్టు బయటికి వచ్చేవారు. పినాకపాణి వాళ్లకు రాగాన్ని ఇచ్చారు, రాగంలో సొంతంగా నడిచే కాళ్లు కూడా ఇచ్చారు. 1991లో నేదునూరికి కూడా సంగీత కళానిధి వచ్చింది. గురువుకూ శిష్యుడికీ ఒకే గౌరవం దక్కిందంటే, అది ఇద్దరూ పెట్టి పుట్టడం వల్ల జరిగిందా?

ఆయన పుస్తకాల్లో ఒకదాని పేరే "మనోధర్మ సంగీతం". పేరు మళ్లీ చదవండి. నేర్పడానికి వీల్లేని దాని మీద ఎవరైనా పాఠ్యగ్రంథం రాస్తారా? "సంగీత సౌరభం" నాలుగు సంపుటాలను తిరుమల తిరుపతి దేవస్థానం అచ్చు వేసింది. అందులో కృతులను గమకాలతో సహా స్వరపరిచి పెట్టారు. ఈ పని ఎంత కష్టమో పాడేవాళ్లకు తెలుసు. తోడి గాంధారాన్ని కాగితం మీద "గ" అని రాస్తే ఏం రాసినట్టు? ఆ గాంధారం ఒకచోట నిలబడదు, రిషభం వైపూ మధ్యమం వైపూ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును కాగితం మీదికి తేవాలని కూర్చున్నారాయన. రోగి నాడి పట్టుకుని లోపల ఏం జరుగుతోందో చెప్పడం అలవాటైన వైద్యుడు కదా, రాగం నాడి కూడా అట్లాగే పట్టుకున్నారు. మూలస్వరాల కింద దాగిన చిన్న స్వరాలు తెలిసినవాడికే సొంతంగా ఒక సంచారం వేసే ధైర్యం వస్తుంది. తెలియనివాడు పుస్తకం విడిచి బయట అడుగు పెట్టలేడు. పిల్లల చేత అడుగు పెట్టించనూ లేడు.

నేర్పే దారి బ్రహ్మవిద్యేమీ కాదు. మోహనలో అయిదే స్వరాలు. ఒక పల్లవి తీసుకో. ఎడుపు, అంటే తాళంలో పల్లవి ఎత్తుకునే చోటు, ఎక్కడుందో చేత్తో తాళం వేసి చూపించు. ముందు అర ఆవర్తనం, పిల్ల తనకు తోచింది పాడి గాంధారం మీద ముగించాలి. రేపు అదే పంచమం మీద ముగించాలి. వారం గడిచాక ఒక ఆవర్తనం, నెలకు రెండు. తప్పుతుంది. తప్పితే మళ్లీ. కల్పనస్వరం అంటే ఇంతే మొదలు. ఆలాపన అయితే ఒక్క స్వరం చుట్టూ తిరగమనాలి, దాన్ని దాటి పైకి పోవద్దని హద్దు గీయాలి. హద్దు ఉంటేనే ఊహ కదులుతుంది. నెరవులో సాహిత్యం అక్షరాలు తాళంలో తమ చోటు వదలకూడదు, చుట్టూ సంగతులు మాత్రం మారాలి. ఇవన్నీ గురువు పక్కన కూర్చుని, తాను పాడి చూపించి, పిల్ల చేత పాడించి చేయవలసిన పనులు. గురువుకు చెమట పడుతుంది. ఆ చెమటకు వెనకాడే నోరే "పెట్టి పుట్టాలి" అంటుంది.

అమెరికా జాజ్‌లోనూ ఈ మాట అన్నవాళ్లు కొల్లలుగా ఉన్నారు. అక్కడా దాన్ని పాఠంతో తిప్పికొట్టినవాళ్లు గురువులే. కళ్లు లేని పియానో విద్వాంసుడు లెన్నీ ట్రిస్టానో తన శిష్యుల చేత వాయించే ముందు పాడించేవాడు. సాక్సఫోన్ విద్వాంసుడు లెస్టర్ యంగ్ రికార్డులో వాయించిన ఊహాగానాన్ని నోటితో పాడి వినిపించమనేవాడు, అది గొంతులో ఇంకాకే వేళ్లు కదలాలి. మన గురుకులాల్లో వాద్యం నేర్చేవాడి చేత కూడా ముందు పాడించే పద్ధతికి ఇది ఎంత దగ్గర! మరో జాజ్ గురువు బ్యారీ హ్యారిస్ న్యూయార్క్‌లో ఏళ్ల తరబడి వారం వారం పాఠం చెప్పాడు, కరోనా కాలంలో తొంభై ఏళ్ల వయసులో కంప్యూటర్ తెర ముందు కూర్చుని కూడా చెప్పాడు. 2021 డిసెంబరులో పోయాడు. ఆ దేశం అట్లాంటి వాళ్ల పాఠాలను దాచుకుంటోంది, వాదించుకుంటోంది, కొత్త పిల్లలకు అందిస్తోంది. మన పినాకపాణి పుస్తకం నంద్యాలలో ఎంతమంది సంగీతం పంతుళ్ల బల్ల మీద ఉంది? ఉన్నవాళ్లు చెయ్యెత్తండి, మీ కాళ్లకు దండం పెడతాను.

నేనుండే ఆళ్లగడ్డలో తెల్లవారితే ఉలి చప్పుడు. ఇక్కడి శిల్పులు నల్లరాతిలో దేవుళ్లను చెక్కి దేశమంతా పంపుతారు. వాళ్ల శాస్త్రంలోనూ తాళం ఉంది. ముఖం పొడవు ఒక తాళం, పెద్ద దేవతా ప్రతిమకు పది తాళాలు. చేరిన కుర్రవాడు మొదట రాయి నునుపు చేస్తాడు, గీత గీస్తాడు, కొలత తప్పితే తిట్లు తింటాడు. కానీ ఏ శిల్పీ ఆ కుర్రవాడికి "నువ్వు జన్మలో ముఖం చెక్కలేవు, దానికి పెట్టి పుట్టాలి" అని చెప్పడు. చెబితే ఆ పని ఒక తరంతో ఆగిపోతుంది. కొన్నేళ్లకు ఆ కుర్రవాడి చేతికే ముఖం వస్తుంది. అప్పుడు అదే కొలతలో అతని నరసింహుడి నవ్వు వేరు, అతని గురువు నరసింహుడి నవ్వు వేరు. ఉలి పట్టే ఇళ్లలో నిలబడిన ఈ బుద్ధి తంబురా పట్టే ఇళ్లలో ఎందుకు పోయింది?

ఎందుకంటే నంద్యాల కోచింగు ఊరు. బ్యాంకు పరీక్షల శిక్షణకు రాష్ట్రం నలుమూలల నుంచి పిల్లలు వస్తారు. దాన్ని నేను తప్పు పట్టను, ఎన్నో బీద ఇళ్లు దానివల్లే నిలబడ్డాయి. కానీ ఆ ఒత్తిడినే సంగీతం గదిలోకి కూడా తెచ్చి పెట్టాం. సర్టిఫికెట్టుకు ఎన్ని కృతులు, ఎన్ని వర్ణాలు, ఎన్ని నెలలు? తల్లిదండ్రులు అడిగేది ఇదే, పంతుళ్లు ఇచ్చేదీ ఇదే. టీవీ పోటీల్లో పాత సినిమా పాటను సంగతి పొల్లుపోకుండా అనుకరించిన పిల్లకు చప్పట్లు. "మీ అమ్మాయి ఈ నెలలో సొంతంగా ఏం పాడింది?" అని అడిగే తండ్రి ఒక్కడు నాకు కనబడలేదు.

ముందు పునాది గట్టిపడాలి కదా అంటారు. గట్టిపడాలి. వర్ణాలు మూడు కాలాల్లో నలగాలి, శ్రుతి నిలవాలి, ఎవరు కాదన్నారు? అయితే ఎనిమిదేళ్లు పునాదే తవ్వుతూ కూర్చుంటే ఇల్లు ఎప్పుడు లేస్తుంది? ఆ గోతిలోనే పిల్ల బాల్యం అయిపోతుంది.

పుస్తకంలో ఉన్నదే చాలంటారా? రాతకు ఉన్న హద్దు మనకన్నా బాగా తెలిసినవాళ్లు ఎవరు? ఆళ్లగడ్డ దాటి కొండల్లోకి పోతే అహోబిలం. అన్నమయ్య అక్కడ ఆదివన్ శఠగోప యతి దగ్గర వేదాంతం చదువుకున్నాడని సంప్రదాయం. అన్నమయ్య సంకీర్తనలు వేలకొద్దీ రాగిరేకుల మీద మిగిలాయి. రేకు మీద రాగం పేరుంది, స్వరం లేదు. పాట నడిచిన దారి నాలుగైదు వందల ఏళ్లలో చెరిగిపోయింది. ఆ సాహిత్యానికి మళ్లీ ప్రాణం ఎవరు పోశారు? అనంతపురం సీమకు చెందిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ కొన్నిటికి పోశారు. నేదునూరి ఎన్నిటికో పోశారు. రాగం లోలోపల సొంతంగా నడవడం వచ్చినవాళ్లు కాబట్టే రాగి మీది అక్షరాన్ని గొంతులోకి తేగలిగారు. ఇవాళ ప్రతి పెళ్లి పందిట్లో, ప్రతి గుడి మైకులో అన్నమయ్య వినిపిస్తున్నాడంటే అందులో పినాకపాణి పాఠం కూడా ఉంది. ఆ పాట వింటూ, ఆ పాఠం మాత్రం పిల్లలకు అక్కర్లేదంటున్నాం.

నంద్యాలలో సంగీతం చెప్పే ప్రతి ఒక్కరినీ చేతులు జోడించి అడుగుతున్నాను, కోపంతోనే అడుగుతున్నాను. పాఠంలో పది నిమిషాలు పిల్లకు వదలండి. పరీక్షలు పెట్టేవారు మొదటి మెట్టు నుంచే సొంత స్వరానికి మార్కులు పెట్టండి. అమ్మలూ నాన్నలూ, ఇంట్లో పిల్ల తప్పు పాడుతుంటే టీవీ కట్టేసి వినండి.

నిన్న సాయంత్రం మళ్లీ నంద్యాల వెళ్లాను. పిల్ల మొదట పాడనంది. నేనే తాళం వేసి, నా పాడైన గొంతుతో మోహనలో అర ఆవర్తనం పాడాను, ఎడుపు తప్పాను. నవ్వింది. తర్వాత తను పాడింది. మూడుసార్లు జారి నాలుగోసారి గాంధారం మీద సరిగ్గా దిగింది. ఆదివారం ఉదయం ఆరింటికి పంచమం.