పొయ్యి మీదికి నెట్టిన నేరం

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నాగరంలో గెయిల్ గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. టీ దుకాణంలో పొయ్యి వెలిగించగానే మంట అంటుకుందని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ మాట ఎంత తేలిగ్గా జనంలోకి పోయిందో! పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించడమే నేరమైతే ఈ దేశంలో ఆడవాళ్ళందరూ నేరస్తులే.

తర్వాత విచారణలో తేలిందేమిటి? పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో నీరూ ఇతర ద్రవాలూ కలిసిన తడి గ్యాసును పంపారు. నీటిని వేరుచేసే ఏర్పాటు చెయ్యలేదు. గొట్టం లోలోపలే తుప్పు తినేసింది. గ్యాసు లీకవుతోందని ముందే మొత్తుకున్నామని ఊరివాళ్ళు చెప్పారు.

ఇప్పుడీ సంగతి ఎందుకంటే, సహజవాయువు మన ప్రాంతానికి వచ్చింది కూడా 'స్వచ్ఛ ఇంధనం' పేరుతోనే. బొగ్గు కంటే తక్కువ కర్బనం వదులుతుందనేది నిజమే. కానీ అది మండించినప్పటి లెక్క. మండకుండా లీకైతే అదే మీథేన్, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువును ఎన్నో రెట్లు మించినది. 1995 జనవరిలో పాశర్లపూడి బావిలో లేచిన మంట 65 రోజుల పాటు ఆరలేదు. ఆ మంటను ఏ స్వచ్ఛత లెక్కలో కలిపారు?

గొట్టాలు వేసేది 1962 నాటి పైపులైన్ల చట్టం కింద. భూమి రైతు పేరనే ఉంటుంది, వాడుకునే హక్కు మాత్రం కంపెనీకి పోతుంది. పరిహారం భూమి మార్కెట్ ధరలో 10 శాతం, పంట నష్టం అదనం. గొట్టం పోయే మేర ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. కోనసీమలో చెట్టంటే కొబ్బరి. దాని ఈనెలతో చీపుర్లు కట్టుకునే మనిషికి, ఎండుమట్టలు ఏరుకుని వంట చేసుకునే మనిషికి ఆ 10 శాతంలో వాటా ఎంత? ఆమె పేర పట్టా లేదు. కౌలు చేసినా కాగితం ఉండదు. కూలికి పోతే, ఆ భూమితో సంబంధం ఉన్న వ్యక్తిగానే చట్టానికి కనపడదు.

ప్రభుత్వానికి ఆమె కనపడే చోటు ఒకటుంది, వంటిల్లు. 1999లో దీపం పథకం కింద మహిళా సంఘాల సభ్యులకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. 2024లో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు ప్రకటించారు. పొగ తగ్గడం చిన్న విషయం అని నేననను, కట్టెల పొగలో కళ్ళు పోగొట్టుకున్న వాళ్ళను మనందరం చూశాం. అయితే సిలిండర్ తీసుకునే లబ్ధిదారుగా తప్ప, ఇంధనం గురించి నిర్ణయించే మనిషిగా స్త్రీని ఎవరూ పిలవలేదు. మన సంస్థలూ తక్కువ తినలేదు. 'జెండర్, ఇంధనం' అనగానే మనం పెట్టేది పొగలేని పొయ్యిల మీద శిక్షణా శిబిరం!

2070 నాటికి దేశం నికరంగా కర్బనం వదలకుండా చేస్తామని 2021లో గ్లాస్గోలో ప్రధాని ప్రకటించారు. దాని వెనకే డెల్టాలో కొత్త పేర్లు వినపడుతున్నాయి. కాకినాడలో పాత నాగార్జున ఎరువుల కర్మాగారం దగ్గర ఏటా 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా తయారు చెయ్యాలని ఏఎం గ్రీన్ సంస్థ తలపెట్టింది. సరుకు ప్రధానంగా విదేశాలకు. అక్కడి పరిశ్రమల కర్బనం లెక్క తగ్గుతుంది. ఇక్కడ ఉండేది అమ్మోనియా నిల్వ. ఏ కరెంటుతో తయారు చేసినా అమ్మోనియా విషవాయువే.

నేను సౌరశక్తికో గాలిమరలకో వ్యతిరేకిని కాను. సముద్రం ముందుకొస్తే మొదట ఉప్పెక్కేది మన చేలే కాబట్టి మార్పు మనకే ఎక్కువ అవసరం. కాని ఆ మార్పు నాగరం పద్ధతిలోనే వస్తానంటే ఒప్పుకోవాలా? కూలి పోయిన స్త్రీ పేర పరిహారం రాయాలి. లీకు గురించి ఫిర్యాదు చేస్తే ఎన్ని గంటల్లో ఎవరు రావాలో ఊళ్ళో బోర్డు మీద పెట్టాలి. పర్యావరణ నివేదిక మొత్తం తెలుగులో ఇవ్వాలి. 2006 నోటిఫికేషన్ ప్రకారం మన భాషలో దొరికేది సారాంశం మాత్రమే, అసలు సంగతులన్నీ ఇంగ్లీషులో ఉండిపోతాయి. ప్రజాభిప్రాయ సేకరణ వేళ కూడా మనమే అడగాలి. అధికారుల సౌకర్యం చూసుకుని పొద్దున పదకొండింటికి సభ పెడితే, ఆ వేళకు రొయ్యల షెడ్డులోనో నాట్లలోనో ఉండే మనిషి ఏ కూలి వదులుకుని వస్తుంది?