వార్తను చదువుట ఒక విద్య

ఆరవ ఫారము అనగానే మన పెద్దలకు పాత ఉన్నత పాఠశాలలోని తుది తరగతి స్ఫురించును. ఆంగ్లదేశమున ఆ పేరుతో నడచునది వేరొక చదువు. పదునారు మొదలు పదునెనిమిది ఏండ్ల వరకు వయస్సు గల విద్యార్థులు విశ్వవిద్యాలయమున చేరుటకు ముందు రెండేండ్లపాటు సాగించు అభ్యాసమది. మన ఇంటర్మీడియట్‌తో పోల్చదగినది. విద్యార్థి సాధారణముగా మూడు విషయములను మాత్రమే ఎన్నుకొని వానినే లోతుగా చదువును. గణితము, చరిత్ర, రసాయనశాస్త్రము వంటివానితోపాటు ‘మీడియా స్టడీస్’ కూడ అట్లు ఎన్నుకొనదగిన విషయములలో నొకటి. పత్రికలు, రేడియో, టెలివిజన్, చలనచిత్రములు, ప్రకటనలు, అంతర్జాలము దాని పరిధిలోనివి. ఇది పరీక్ష పెట్టదగిన విద్యయా, లేక కాలక్షేపమా యను వివాదము అచ్చట చిరకాలముగా నున్నది. 2024 నాటి ఘటనలు ఆ వివాదమును మరల ముందుకు తెచ్చినవి.

ఆ యేడు జూలై 29వ తేదీన సౌత్‌పోర్ట్ పట్టణములో ఒక నృత్య శిక్షణ తరగతిపై జరిగిన దాడిలో ముగ్గురు బాలికలు కత్తిపోట్లకు బలియైరి. కొద్ది గంటలలోనే, హంతకుడు ఆశ్రయము కోరి పడవలో వచ్చిన విదేశీయుడను వదంతి, ఒక కల్పిత నామముతో సహా, సామాజిక మాధ్యమములలో వ్యాపించినది. నిజమునకు నిందితుడు బ్రిటనులోని కార్డిఫ్ నగరమున పుట్టినవాడు. మరునాడే ఆ పట్టణములోని మసీదుపై మూక విరుచుకుపడినది. అల్లర్లు ఇతర పట్టణములకు ప్రాకినవి. ఆశ్రయార్థులున్న హోటళ్ళకు నిప్పు పెట్ట జూచిరి. అబద్ధమును గుర్తించు శక్తిని బడిలోనే అలవరచవలెనని ఆగస్టులో విద్యామంత్రి ప్రకటించిరి. ఆ మాట విన్నవారికి ఒక ప్రశ్న తోచక మానదు: ఇన్నాళ్ళు ఏ చదువును చులకన చేసిరో, ఇప్పుడు కోరునది ఆ చదువునే కాదా?

ఈ చదువుకు పూర్వచరిత్ర లేకపోలేదు. 1933లోనే ఎఫ్. ఆర్. లీవిస్, డెనిస్ థామ్సన్ అను విమర్శకులు ‘కల్చర్ అండ్ ఎన్విరాన్‌మెంట్’ అను గ్రంథమును ఉపాధ్యాయుల నుద్దేశించి వ్రాసి, వ్యాపార ప్రకటనల భాషను తరగతిలో పరిశీలింపజేయవలెనని బోధించిరి. వారి దృష్టిలో పత్రికలు, సినిమాలు ఒక అంటువ్యాధి. చదువు దానికి టీకా. 1957లో రిచర్డ్ హాగర్ట్ శ్రామిక కుటుంబముల పఠనాభిరుచులను గూర్చి వ్రాసిన గ్రంథముతో ఈ ధోరణి మారసాగినది. ఆయన 1964లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమున సంస్కృతీ అధ్యయన కేంద్రమును స్థాపించిరి. ఆయన తరువాత దానికి నాయకుడైన స్టూవర్ట్ హాల్ 1973లో ఒక ముఖ్యమైన సూత్రమును ప్రతిపాదించెను. పంపువాడు సందేశములో నిమిడ్చిన అర్థమునే గ్రహించువాడు తీసికొనునని నిశ్చయము లేదు. ఒకడు అంగీకరించును, ఒకడు బేరమాడును, ఒకడు ఎదిరించును. ఈ సూత్రము వలన విద్యార్థి వ్యాధిగ్రస్తుడను భావము పోయి, పాఠకుడను గౌరవము లభించినది.

నేటి పాఠ్యక్రమము 2017లో బోధనకు వచ్చినది. దానికి నాలుగు స్తంభములు: మాధ్యమముల భాష, అవి లోకమును చిత్రించు తీరు, వాని వెనుక నున్న వ్యాపారము, వానిని గ్రహించు ప్రజ. మార్కులలో నూటికి డెబ్బది వ్రాత పరీక్షకు, ముప్పది విద్యార్థి స్వయముగా తయారుచేయు కృతికి కేటాయించిరి. ఒక పరీక్షామండలి ‘గార్డియన్’, ‘డైలీ మెయిల్’ పత్రికలను ప్రక్కప్రక్కన నుంచి పరిశీలింపుమనును. శీర్షికలో ఏ పదమును వాడిరి, ఏ ఛాయాచిత్రమును ఎన్నుకొనిరి, ఎవరి మాటను ఉదహరించి ఎవరి మాటను విడిచిరి, ఆ పత్రికకు యజమాని ఎవరు, ఆదాయ మెక్కడిది — ఇవి ప్రశ్నలు. వీనికి సమాధానము చెప్పుట తేలికయని తలచువారు ఒకసారి ప్రయత్నించి చూడవలెను.

అయినను గౌరవము దక్కలేదు. 2006 ప్రాంతమున కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము తన ప్రవేశమునకు అంతగా తగని విషయముల పట్టికలో దీనిని చేర్చినది. 2011లో ప్రముఖ విశ్వవిద్యాలయముల సంఘమైన రస్సెల్ గ్రూపు ప్రకటించిన అనుకూల విషయములలో దీనికి చోటు లేదు. 2019లో ఆ జాబితానే విడిచిపెట్టిరి. ఆంగ్ల సాహిత్యమును సైతము పంతొమ్మిదవ శతాబ్దమున ఆక్స్‌ఫర్డ్ పండితులు కొందరు ఇట్లే ఎగతాళి చేసిరను సంగతి ఇచ్చట స్మరింపదగినది.

విమర్శకుల మాటలో నిజము బొత్తిగా లేదనుట న్యాయము కాదు. పాఠ్యక్రమములో పలువురు సిద్ధాంతకర్తలను పేరుపేరున నిర్దేశించిరి. పేర్లను వల్లించి, వార్తను మరచు ప్రమాద మిందున్నది. ఇంతకన్న పెద్ద ప్రమాదము మరొకటి కలదు. ప్రతి వార్త వెనుక ఒక స్వార్థమున్నదని మాత్రమే నేర్చినవాడు దేనిని నమ్మకుండుటయే వివేకమనుకొనును. వదంతికి కావలసిన క్షేత్రము అదియే. అధికారుల మాటయు, పత్రికల మాటయు అబద్ధమని తలచువానికి అజ్ఞాతుని మాట సత్యముగా తోచును. కనుక అనుమానించుటతోపాటు, ఆధారమును చూచి నమ్ముటను కూడ నేర్పవలెను.

ఇక అసలు చిక్కు. 2025 జూలైలో బ్రిటిష్ ప్రభుత్వము ఓటుహక్కు వయస్సును పదునారేండ్లకు తగ్గించు సంకల్పమును ప్రకటించినది. స్కాట్లండు, వేల్సు శాసనసభల ఎన్నికలలో ఆ వయస్సువారికి ఇదివరకే ఓటు కలదు. అనగా సిక్స్త్ ఫారము విద్యార్థియే ఓటరు. కాని వార్తను పరీక్షించు విద్య, దానిని ఎన్నుకొన్న కొందరికే లభించును. భౌతికశాస్త్రము చదువువాడు వదంతికి అతీతుడా? ఈ లోపమును గుర్తించియే కాబోలు, 2025 నవంబరులో పాఠ్యప్రణాళికా సమీక్ష వెలువడిన పిమ్మట, ప్రాథమిక పాఠశాలలలో పౌరవిద్యను నిర్బంధము చేసి అందు మాధ్యమ పరిజ్ఞానమును చేర్చెదమని ప్రభుత్వము తెలిపినది. సంకల్పము మంచిది. అయితే దానిని బోధింపగల వారెవరు? ఇన్నేండ్లు హేళనను సహించి ఈ విషయమును బోధించిన ఉపాధ్యాయులకే ఆ అనుభవమున్నది. వారి విద్యను చిన్నచూపు చూచుచు, దాని ఫలమును మాత్రము అందరికి పంచుట సాధ్యము కాదు.

మన దేశమున కేంద్ర మాధ్యమిక విద్యామండలి 11, 12 తరగతులలో ‘మాస్ మీడియా స్టడీస్’ను ఐచ్ఛిక విషయముగా నుంచినది. ఐచ్ఛికమునకు గల పరిమితి ఇచ్చటను అదియే. కాని ఉపాధ్యాయుడు క్రొత్త పాఠ్యక్రమము కొరకు ఎదురుచూడ నక్కరలేదు. ఒకే వార్తను ప్రచురించిన రెండు దినపత్రికలను బల్లపై పరచి, భేదము లేవో పిల్లలచేత చెప్పించవచ్చును. చేతిలోని ఫోనుకు వచ్చిన సందేశము మొదట ఎవరు పంపినదో, ఎప్పటిదో, దానికి ఆధారమేమో వెదకించవచ్చును. తెలుగు వాచకము చెప్పు పంతులుగారికి, సాంఘికశాస్త్రము చెప్పు పంతులమ్మగారికి వారమున కొక గంట చాలును.