చర్చకు అధ్యక్షుడెవరు?

విద్యార్థుల చర్చకు కంప్యూటరులో ఏ యే సౌకర్యాలు పెట్టాలి, జవాబులు ఏ వరుసలో కనిపించాలి అన్నవి సాంకేతిక విషయాలనీ, సాహిత్యం బోధించేవారికి వాటితో పనిలేదనీ మా అధ్యాపక మిత్రులు చాలామంది అనుకుంటున్నారు. కొంతకాలం కిందటివరకూ నేనూ అలాగే అనుకున్నాను. అది పొరపాటనీ, దాని ఫలితాన్ని బలహీనులే అనుభవిస్తున్నారనీ చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. 2020 మార్చిలో కళాశాలలు మూతపడ్డాయి. నేను పనిచేసే కళాశాల పాఠాలను మూడిల్ మీదికి మార్చింది. 'కన్యాశుల్కం' 1897 నాటి ప్రతికీ, 1909 నాటి ప్రతికీ గల తేడాలమీద నేనొక చర్చ పెట్టాను. జవాబులన్నీ ఒకే వరుసలో, కొత్తది పైన కనిపించాలని ఎవరో నిర్ణయించారు. ఎందుకని నేను అడగలేదు. మొదటిరోజునే ఒక విద్యార్థిని రెండు ముక్కలు రాసింది: సుబ్బి పెళ్ళి గురించి అందరూ మాట్లాడుతున్నారే, సుబ్బిని అడిగినవారెవరు అని. ఆ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. అసలు దాన్ని చూసినవారే కొద్దిమంది. ఇంట్లో కంప్యూటరూ తీరికా వున్నవారు పూటపూటకూ రాశారు. వారి రాతలు పైకి వస్తూపోయాయి, ఆమె ప్రశ్న కిందికి దిగుతూపోయింది. వాళ్ళింట్లో ఫోను ఒక్కటే. తండ్రి పనినుంచి వచ్చాక, రాత్రి, అది ఆమె చేతికి అందేది. మార్కులు వెయ్యడానికి అడుగుదాకా వెళ్ళిన రోజున గాని నాకా ప్రశ్న కనిపించలేదు. నాటకంలో సుబ్బికి పట్టిన గతే నా తరగతిలో ఆ ప్రశ్నకూ పట్టింది.

సభలో ఎవరు ముందు మాట్లాడాలో, ఎవరికెంత వ్యవధి ఇవ్వాలో అధ్యక్షుడు చూస్తాడు. పక్షపాతం చూపితే లేచి నిలబడి అడుగుతాం. ఇక్కడ ఆ పని ఒక అమరిక చేస్తున్నది. అమరికను ఎంచినవాడు వేదికమీద కనిపించడు గనక అతన్ని నిలదీసేవారు లేరు. పక్షపాతం పోలేదు, పక్షపాతి మాత్రం కనుమరుగైనాడు.

మూడిల్‌లో జవాబులు చూపే పద్ధతులు ప్రధానంగా నాలుగు. మొదటిది, పాతది పైన వుండే ఒకే వరుస. ఇందులో వాదం పుట్టిన క్రమం తెలుస్తుంది, కాని ఆలస్యంగా వచ్చినవాడు అడుగున పడతాడు. రెండోది, కొత్తది పైన వుండే వరుస. ప్రకటనలకు ఇది మంచిదే, చర్చలో మాత్రం చివర మాట్లాడినవాడిదే పైచెయ్యి. మూడోది, మొదటి రాత కింద జవాబుల శీర్షికలు మాత్రమే కొమ్మలుగా చూపేది. నాలుగోది, ఏ మాటకు ఏది జవాబో తెలిసేలా అన్నిటినీ పూర్తిగా, లోపలికి జరిపి చూపేది. జవాబులేని ప్రశ్న ఒంటరిగా నిలిచి కంటపడేది ఈ చివరి రెంటిలోనే. అయితే చిన్న ఫోనులో నాలుగో పద్ధతి అక్షరాలను ఒక మూలకు నెట్టి, చదవడమే కష్టం చేస్తుంది. కనక అన్ని వేళలా మేలైన పద్ధతి అంటూ ఏదీ లేదు. లేదు గనకనే ఎంచుకోవలసి వస్తున్నది, ఎంచుకున్నవాడు కారణం చెప్పవలసి వస్తున్నది.

సౌకర్యాల సంగతీ ఇంతే. తన జవాబు రాసేదాకా ఇతరుల జవాబులు కనిపించని ప్రశ్నోత్తర పద్ధతి ఒకటి వున్నది. పెద్దగొంతు వాడిని చూసి వంతపాడే అలవాటుకు అది మంచి మందు. రాతలను ఈమెయిలుకు పంపే ఏర్పాటు వున్నది. రోజంతా తెర ముందు కూర్చోలేని పిల్లకు అది ఆసరా. ఒకరి రాతకు ఒకరు మార్కులు వేసే ఏర్పాటూ చెయ్యవచ్చు. దానివల్ల ఆలోచన పెరుగుతుందో, మెప్పుకోసం రాయడం పెరుగుతుందో ముందు ఆలోచించుకోవాలి.

'ఎవరికి నచ్చినట్టు వారు మార్చుకునే వీలున్నది గదా, ఈ రాద్ధాంతమెందుకు?' అని ఒక మిత్రుడు నన్నడిగాడు. వీలున్న మాట నిజమే. కాని ఆ వీలు వున్నదని విద్యార్థులకు చెప్పినవారెవరు? తెలియని హక్కు చేతిలో లేని హక్కుతో సమానం. ఓటున్నదని చెప్పకుండా ఎన్నిక జరిపి, ఓటు వెయ్యలేదని జనాన్ని తప్పుపట్టే న్యాయం ఇది.

మరికొందరు మిత్రులు ఎడమవైపునుంచే ఎదురువస్తున్నారు. యంత్రం పెట్టుబడిదారుడిది, దానిలో మంచిచెడ్డలు వెతకడం భ్రమ అంటారు. వ్యాపారసంస్థల వేదికల విషయంలో ఈ మాటకు బలం వున్నది. ఫేస్‌బుక్ 2009లో 'లైక్' మీట తెచ్చినప్పుడూ, ట్విట్టర్ 2016లో కాలక్రమాన్ని పక్కకునెట్టి తన లెక్కప్రకారం రాతలను పేర్చడం మొదలుపెట్టినప్పుడూ రాసేవారి సమ్మతితో నిర్ణయించలేదు. కాని మూడిల్ సంగతి వేరు. 2002లో మార్టిన్ డూగియామస్ ఆస్ట్రేలియానుంచి విడుదల చేసిన ఈ సాధనం స్వేచ్ఛా లైసెన్సు కింద వున్నది. దాని లోపలి రాతను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు. పగ్గం మన చేతికిచ్చినా పట్టుకోకుండా బండి పక్కకుపోయిందని ఏడవడం అభ్యుదయం కాదు, సోమరితనం.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా తన చర్చాస్థలానికి 'రచ్చబండ' అని పేరుపెట్టుకున్నది. చక్కని పేరే. కాని ఊళ్ళో రచ్చబండమీద కూర్చున్నదెవరు, దూరంగా కింద నిలబడిందెవరు? ఆ చెట్టు నీడ అందరిమీదా సమానంగా పడలేదు. పాత బండమీద కులం చేసిన ఏర్పాటును కొత్త బండమీద తీరికా, యంత్రమూ, వేగమూ చెయ్యబోతుంటే, అది సాంకేతిక విషయమని మనం తలతిప్పుకుందామా?

నా సూచనలు మూడే. చర్చ మొదలుపెట్టేముందు ఈ పద్ధతుల గుణదోషాలు విద్యార్థులకు చూపి, వారితో కలిసి నిర్ణయించాలి. చర్చ స్వభావాన్నిబట్టి పద్ధతి మార్చాలి: సొంత అభిప్రాయం కావలసినచోట ప్రశ్నోత్తర పద్ధతి, వాదోపవాదాలు నడిచేచోట కొమ్మల పద్ధతి. వారానికోసారి జవాబు అందని ప్రశ్నలను అధ్యాపకుడే వెతికి పైకి తేవాలి. ఏ అమరికా చెయ్యలేని పని ఈ మూడోది.

మరుసటి సంవత్సరం ఆ చర్చను నేను సుబ్బి ప్రశ్నతోనే మొదలుపెట్టాను. అడిగిన విద్యార్థిని అప్పటికి మా కళాశాలలో లేదు.